గోదావరి నీటి జాతకం

ఆషాఢమాసం వచ్చి, ఎగువన వానలు పడి, ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎర్రబడిందంటే డెల్టాలో ఆడవాళ్లకు పని పెరిగిందన్నమాటే. కాలవ నుంచి వచ్చిన నీరు బిందెలో చిక్కటి టీ రంగులో కనబడుతుంది. పూర్వం మన అమ్మమ్మలు చిల్లగింజను బిందె లోపలి అంచున అరగదీసి నీటిని తేర్చేవారు. తరవాత పటిక ముక్క వచ్చింది. నాలుగుసార్లు తిప్పి వదిలేస్తే తెల్లవారేసరికి ఒండ్రు అడుగున చేరి, పైన నీరు అద్దంలా నిలుస్తుంది. ఆ నీటిని గాజుగ్లాసులో పోసి ఎండకు పట్టి చూడండి. ఏమీ కనబడదు.

కనబడనంత మాత్రాన ఏమీ లేదనుకోకూడదు. టీ వడగట్టినప్పుడు ఆకు వడపోతలో నిలిచిపోయినా, దాని సారం నీటిలోనే ఉండిపోతుంది గదా! నది సంగతీ అంతే. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి వచ్చే గోదావరి, దారిపొడుగునా ఇల్లాంటి కషాయాలు కలుపుకుంటూ వస్తుంది. అడవుల్లో రాలి కుళ్లిన ఆకుల సారం, నల్లరేగళ్ల నుంచి కడుక్కొచ్చిన మట్టి సారం, నీటిలో పెరిగే నాచు విడిచిన పదార్థం, ఊళ్ల మురుగు, చేపల చెరువుల్లో మిగిలిన మేత, అన్నీ అందులో కరిగి ఉంటాయి. వీటన్నిటినీ కలిపి శాస్త్రజ్ఞులు ‘కరిగిన సేంద్రియ పదార్థం’ అని ఒక్క పేరుతో పిలుస్తారు. పేరు ఒక్కటేగాని, అందులో ఉండే రసాయనాలు వేలు. ఎంతటి రసాయనజ్ఞుడైనా ఒక్కొక్కదాన్నీ విడదీసి లెక్క చెప్పబోతే అతని జీవితకాలం చాలదు.

అయితే ఇందులో ఏది అడవి నుంచి వచ్చింది, ఏది నాచు నుంచి వచ్చింది, ఏది మన వంటిళ్ల నుంచీ స్నానాల గదుల నుంచీ వచ్చిందని తెలుసుకోవడం ఎల్లా? కాలవ నీరే తాగి బ్రతికే దేశానికి ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. దీనికి కొంతవరకూ జవాబు చెప్పగల సాధనం ఒకటున్నది. అది నీటిని మరిగించదు, విరగ్గొట్టదు. నీటిమీద కంటికి కనబడని వెలుగు వేసి, నీరు తిరిగి ఏ వెలుగు ఇస్తుందో చూస్తుంది.

ఒకే ఏడాది రెండు పనులు

1847లో ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టిన ఆనకట్టను కాటన్ దొర పూర్తిచేయించిన సంవత్సరం 1852. సరిగ్గా ఆ ఏడే ఇంగ్లండులో జార్జి గేబ్రియల్ స్టోక్స్ అనే గణిత శాస్త్రజ్ఞుడు క్వినైను నీళ్లతో ఒక వింత చేశాడు. సూర్యకాంతిని పట్టకం గుండా పంపి ఏడు రంగులుగా విడదీసి, క్వినైను కలిపిన నీటిగొట్టాన్ని ఎరుపు వైపు నుంచి ఊదా వైపుకి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఎరుపులో ఏమీ జరగలేదు. పసుపులో జరగలేదు. ఆకుపచ్చలోనూ జరగలేదు. ఊదా చివరికి వచ్చి, రంగులన్నీ అయిపోయి, కంటికి చీకటిగా కనబడే చోట గొట్టం పెట్టగానే అందులో నీరు నీలంగా వెలిగింది!

చీకటిలో ఉన్న నీరు వెలగడం ఏమిటి? ఆ చీకటిలోనూ కిరణాలున్నాయి. వాటినే అతినీలలోహిత కిరణాలంటాం. మన కంటికి అవి కనబడవు. క్వినైను ఆ కిరణాలను తాగి, వాటి శక్తిలో కొంత పోగొట్టుకుని, మిగిలినదాన్ని కనబడే నీలి వెలుగుగా బయటికి ఇస్తుంది. పిల్లవాడికి పది రూపాయలిచ్చి కొట్టుకి పంపితే దారిలో జీళ్లు కొనుక్కుని మిగతా చిల్లర చేతిలో పెట్టినట్టే. ఇచ్చినదానికన్నా తిరిగి వచ్చేది ఎప్పుడూ తక్కువే. ఈ గుణం ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజంలోనూ కనబడింది గనక, స్టోక్స్ దానికి ‘ఫ్లోరెసెన్స్’ అని పేరు పెట్టాడు. మన తెలుగులో ప్రతిదీప్తి అంటున్నారు.

నిజానికి ఇది మనవాళ్లకు బొత్తిగా కొత్త కాదు. వేగిస చెక్కతో చేసిన గ్లాసులు మీరు చూసే ఉంటారు. మధుమేహం ఉన్నవారు రాత్రి అందులో నీరు పోసి ఉంచి పొద్దున్నే తాగుతారు. (దానివల్ల రోగం కుదురుతుందో లేదో వైద్యులనే అడగాలి సుమా.) ఆ నీటిని ఎండలో పెట్టి పక్కనుంచి చూస్తే తేనెరంగు మీద నీలిఛాయ ఆడుతుంది. అదీ ప్రతిదీప్తే. పసుపు కలిపిన నూనె మీద దొంగనోట్లు పట్టే దీపం వేసి చూడండి, ఆకుపచ్చ కలిసిన పసుపురంగుతో వెలుగుతుంది. పాలకూర ఆకు నలిపి స్పిరిట్టులో తీసిన రసం మీద వేస్తే, ఆకుపచ్చటి రసం ఎర్రగా వెలిగి మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. చాకిరేవు సబ్బుపొడుల్లో తెలుపు కోసం కలిపే మందు కూడా ఇల్లాంటిదే. చలవపంచె ఎండలో అంత ధగధగలాడడంలో రహస్యం అది. పిల్లలకు ఇవి చూపించేటప్పుడు ఆ దీపం వైపు నేరుగా చూడవద్దని మాత్రం మరీ మరీ చెప్పండి.

నదినీటికీ సముద్రపు నీటికీ కూడా ఈ గుణం ఉన్నదని జర్మన్ శాస్త్రజ్ఞుడు కుర్ట్ కాలె 1949లో రాశాడు. అంతకుముందే ఆయన నీటిలో కరిగి ఉండే పసుపుపచ్చటి పదార్థాన్ని గుర్తించి, తన భాషలో దానికి ‘పచ్చపదార్థం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అయితే నీరు వెలుగుతుందని తెలిస్తే చాలదు. ఏ వెలుగు ఎవరిదో తెలియాలి. ఆ తాళంచెవి దొరకడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

కొండల పటం

ప్రయోగశాలలో చేసే పని ఇది. నీటిని సన్నటి గాజునార వడపోత గుండా పోసి మట్టినీ నాచునూ తీసేస్తారు. మిగిలిన తేటను క్వార్ట్జుతో చేసిన చిన్న చతురస్రపు గొట్టంలో పోస్తారు. మామూలు గాజు అతినీలలోహిత కిరణాలను మింగేస్తుంది గనక పనికిరాదు. క్సెనాన్ దీపపు వెలుగులో నుంచి ఒక్క తరంగాన్ని మాత్రం ఏరి నీటిమీదికి పంపుతారు. నీరు తిరిగి ఇచ్చే వెలుగును పక్కనుంచి పట్టి, అందులో ఏ రంగు ఎంత ఉన్నదో కొలుస్తారు. తరవాత తరంగాన్ని కాస్త మార్చి మళ్లీ కొలుస్తారు. ఇల్లా చివరిదాకా వెళ్లి, అంకెలన్నీ ఒక కాగితం మీద పరిస్తే కొండల పటంలాంటిది తయారవుతుంది. పంపిన వెలుగు ఒక వైపు, వచ్చిన వెలుగు మరోవైపు, మధ్యలో అక్కడక్కడా శిఖరాలు.

ఆ శిఖరాలకు చిరునామాలున్నాయి. అమెరికాలో పౌలా కోబుల్ అనే శాస్త్రజ్ఞురాలు 1996లో వాటిని వరసపెట్టి అక్షరాలతో గుర్తించింది. తరంగాల పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. 260 దగ్గరా, 350 దగ్గరా వెలుగు తాగి 400 దాటిన చోట నీలంగా వెలిగేది మట్టిసారం, ఆకుసారం. 312 దగ్గర తాగి 380 నుంచి 420 మధ్య వెలిగేదాన్ని మొదట సముద్రానికి చెందినదన్నారు. నాచులున్న మంచినీటిలోనూ అది కనబడుతుందని తరవాత తెలిసింది. 275 దగ్గర తాగి 340 దగ్గర వెలిగేది మరొకటుంది. అది కంటికి కనబడే వెలుగు కాదు, యంత్రానికే కనబడుతుంది. ట్రిప్టోఫాన్ అనే పదార్థానిది ఆ గుర్తు. పప్పులోనూ, పాలలోనూ, గుడ్డులోనూ ఉండే మాంసకృత్తుల్లో అదొక భాగం. ప్రాణమున్న సూక్ష్మజీవులు ఎక్కడ మూగితే అక్కడ ఆ శిఖరం లేస్తుంది. అందుచేతనే మురుగు కలిసిన నీటిలో అది ఎత్తుగా నిలబడుతుంది.

అసలు చిక్కు, ఈ శిఖరాలు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోవడం. పెళ్లి ఊరేగింపులో సన్నాయీ, డోలూ, బాణసంచా అన్నీ ఒకేసారి చెవిన పడుతున్నా మనం ఏది ఏదో పోల్చుకుంటాం. యంత్రానికి ఆ నేర్పు లేదు. దానికి ఒక గణితపద్ధతి నేర్పవలసి వచ్చింది. ఆ పద్ధతి పుట్టింది నీటి కోసం కాదు. 1970 ప్రాంతంలో మనస్తత్వ శాస్త్రంలో లెక్కల కోసం తయారుచేసుకున్నది. 2003లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు దాన్ని తీసుకొచ్చి నీటి వెలుగుల మీద ప్రయోగించారు. అప్పటినుంచీ వందల నమూనాలు ఒక్కసారి పెట్టి, వాటిలో ఎన్నిరకాల వెలుగులు దాగి ఉన్నాయో ఏరగలుగుతున్నారు.

రామన్‌గారి కొలబద్ద

ఇక్కడ మనవాళ్ల కథ ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1921లో చంద్రశేఖర వేంకట రామన్ విలాయతు నుంచి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి, దాని కారణం ఏమిటా అని ఆలోచనలో పడ్డారన్న సంగతి పిల్లల వాచకాల్లో కూడా ఉన్నది. అంతగా తెలియని భాగం తరవాతది. 1923లో ఆయన శిష్యుడు కె. ఆర్. రామనాథన్, శుభ్రమైన నీటిలో వెలుగు చెదరడాన్ని పరీక్షిస్తూ, పంపిన రంగుకాక మరో రంగు అతి సన్నగా వస్తున్నదని కనిపెట్టాడు. నీటిలో మలినాలున్నాయి కాబోలు, వాటి ప్రతిదీప్తి కాబోలు అనుకున్నారు. నీటిని మళ్లీ మళ్లీ శుద్ధిచేశారు. ఆ వెలుగు పోలేదు. అది మలినానిది కాదు, నీటి అణువుదే అని రామన్ 1928 ఫిబ్రవరి 28న తేల్చారు. రెండేళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రతిదీప్తి అని పొరబడిన ఆ వెలుగే ఈనాడు ప్రతిదీప్తిని కొలిచే కొలబద్ద అయింది! ఒక్కొక్క యంత్రంలో దీపం ఒక్కొక్క తీరుగా ఉంటుంది. వాల్తేరులో వచ్చిన అంకెను డెన్మార్కు అంకెతో పోల్చాలంటే ఉమ్మడి కొలత కావాలి. శుద్ధమైన నీరు ప్రపంచమంతా ఒక్కటే. దానిమీద 350 నానోమీటర్ల వెలుగు వేస్తే 397 దగ్గర రామన్ వెలుగు వస్తుంది. దానితో భాగించి, ఇన్ని ‘రామన్ ప్రమాణాలు’ అని రాసుకుంటారు. సేరు, శేరున్నర అన్నట్టుగా.

వాల్తేరుకు వెలుగును చదివే విద్య పాతదే. రామన్ శిష్యుడు సూరి భగవంతం గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. కొచ్చెర్లకోట రంగధామరావు గారు అక్కడే వర్ణపట పరిశోధనకు పునాదులు వేశారు. అదే విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రజ్ఞులు ఎన్. వి. హెచ్. కె. చారి, ఎన్. ఎస్. శర్మ గార్లూ, వారి సహచరులూ మన గోదావరీ కృష్ణలు వచ్చి పడే బంగాళాఖాతపు పశ్చిమ భాగం నీటిని ప్రతిదీప్తితో చదివి, 2012లో ప్రకటించారు. ఇందాక చెప్పిన గణితాన్నే వాడి, ఏ కాలంలో, ఏ చోట, ఏ వెలుగు పైచెయ్యిగా ఉంటుందో చూశారు. మరుసటి ఏడు వారే ఇంకొక పని చేశారు. సముద్రపు సూక్ష్మ నాచులను బాక్టీరియా సోకకుండా ప్రయోగశాలలో పెంచి, అవి నీటిలోకి విడిచే పదార్థం ఎల్లా వెలుగుతుందో కొలిచారు. నది తెచ్చినదేదో, సముద్రం తాను వండుకున్నదేదో తేల్చడానికి ఇది అవసరం.

ఈ తేడా గోదావరి దగ్గర ఎంత పెద్దదో చెప్పాలి. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వసిష్ఠలుగా చీలి, వసిష్ఠ నుంచి వైనతేయ విడివడి సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో ఈ పాయలు నిండా మంచినీరే. వేసవిలో బారేజి తలుపులు దించి నీటిని కాలవలకు మళ్లిస్తారు గనక దిగువకు పోయేది బహుస్వల్పం. అప్పుడు సముద్రపు ఉప్పునీరు యానాం దాటి పైకి ఎక్కివస్తుంది. ఒకే చోట ఆరు నెలలు నది, ఆరు నెలలు సముద్రం! విశాఖపట్నంలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వి. వి. ఎస్. ఎస్. శర్మ గారి బృందం గౌతమి ముఖద్వారాన్ని ఏడాది పొడుగునా పరీక్షించి, వరదరోజుల్లో నీటిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో ఉండేదానికి పదుల రెట్లు పేరుకుంటున్నదని 2011లో ప్రకటించింది. నది మోసుకొచ్చిన సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తిని విడిచే ఊపిరి అది. కోరంగి మడ అడవుల పాయలదీ అదే తీరు. 2001లో బెల్జియం శాస్త్రజ్ఞులు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎ. వి. రామన్ గారితో కలిసి అక్కడి నీరు పరీక్షిస్తే, పక్కనే ఉన్న కాకినాడ అఖాతపు నీటికన్నా మడపాయల నీటిలో ఆ వాయువు అనేక రెట్లుంది. మడచెట్టు ఆకు రాలి నానితే నీరు టీ రంగు తేలడం అక్కడి బెస్తలందరికీ తెలిసినదే.

మన బిందెలోకి వస్తే

ఇదంతా సముద్రం సంగతి. మన కాలవ నీటికేమిటంటారా? చెబుతాను.

1974లో హాలండులోని రోటర్‌డాం నీటి శాఖలో పనిచేసే యోహనెస్ రోక్ అనే రసాయనజ్ఞుడు, నీటిలో క్రిములు చంపడానికి కలిపే క్లోరిను ఆ నీటిలోని సేంద్రియ పదార్థంతో కలిసి క్లోరోఫారం వగైరాలను పుట్టిస్తున్నదని బయటపెట్టాడు. ఇది చదివి, రేపటినుంచి క్లోరిను వద్దని ఎవరూ అనుకోకండి. క్లోరిను లేని నీటివల్ల వచ్చే కలరా, విరోచనాల ముందు ఆ అపాయం చాలా చిన్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ కూడా ఆ మాటే చెబుతుంది. చేయవలసింది, క్లోరిను వేయకముందే ఆ పదార్థాన్ని వీలైనంత తగ్గించడం. పటిక అందులో కొంత పని చేస్తుంది. మట్టిసారపు పెద్ద అణువులను బాగానే పట్టి అడుక్కి దింపుతుంది. మాంసకృత్తుల వెలుగిచ్చే చిన్న పదార్థాలు మాత్రం దానికి అంత తేలిగ్గా దొరకవు. ఎంత పటిక వేస్తే ఏ వెలుగు ఎంత తగ్గిందో ప్రతిదీప్తి యంత్రం నిమిషాల మీద చెబుతుంది. నీరు తేటపడినదా లేదా అని చూసే కన్ను అది చెప్పలేదు.

ఇక మురుగు. నీటిలో మలసంబంధమైన సూక్ష్మజీవులున్నాయో లేదో చూడాలంటే వాటిని పెంచి చూడాలి. దానికి ఒక రోజు పడుతుంది. ఈలోగా ఊరంతా ఆ నీరు తాగేస్తుంది. బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞులు చేతిలో పట్టే చిన్న ప్రతిదీప్తి పరికరంతో బీహారు పల్లెల్లోని తాగునీటి వనరుల్లో ట్రిప్టోఫాన్ వెలుగును కొలిచి 2016లో ఆ ఫలితాలు ప్రకటించారు. జవాబు క్షణాల్లో వస్తుంది. ఆ వెలుగు ఎక్కువైన చోట మలకాలుష్యానికి అవకాశమూ ఎక్కువని ఇల్లాంటి పరీక్షలు పలుచోట్ల చూపాయి.

అయితే దీన్ని మంత్రదండమనుకోరాదు. ఇది క్రిమిని చూడదు, క్రిమి ఉండే పరిసరాన్ని చూస్తుంది. వెలగని పదార్థాల సంగతి అసలే చెప్పదు. పురుగుమందు చుక్కలు, ఉప్పు, ఫ్లోరైడు వంటివాటికి వేరే పరీక్షలున్నాయి. (ఫ్లోరెసెన్స్‌కూ ఫ్లోరైడుకూ పేర్లలో చుట్టరికమేగాని ఇక్కడ సంబంధం లేదు.) నీరు మరీ రంగుగా ఉంటే తన వెలుగును తానే మింగేస్తుంది, పలచన చేసి చూడాలి. బీహారులో భూగర్భ జలం గనక మట్టిసారం తక్కువ. మన శ్రావణ మాసపు గోదావరిలో ఆ సారపు వెలుగు మురుగు వెలుగు మీదికి ఒరిగి, లెక్క తప్పించగలదు. కనక బీహారు హద్దులు తెచ్చి ఇక్కడ పెట్టేస్తే కుదరదు. మన నీటికి మన అంకెలు, ఋతువు ఋతువుకీ వేరుగా, కట్టుకోవలసిందే.

నా మట్టుకు నాకు ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలో స్పష్టంగానే కనబడుతున్నది. డెల్టా వాసులకు కాలవ ఒకటైతే మురుగుకాలవ మరొకటి. పంటకాలవలో నదినీరు వస్తుంది. భీమవరం గుండా పోయే యనమదుర్రు డ్రెయిను వంటివి పొలాలదీ, ఊళ్లదీ, చేపలు రొయ్యల చెరువులదీ నీరు పట్టుకుపోతాయి. చెరువుల్లో వేసే మేతలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి గనక, ఆ నీరు పంటకాలవలో ఎక్కడైనా కలిస్తే ట్రిప్టోఫాన్ శిఖరం లేవాలి. కంటికి రెండు కాలవలూ ఒకే బురదరంగు. కొండల పటంలో మాత్రం రెండిటి ముఖాలూ వేరు.

పైగా మనకు ఏటా ఒక తేదీ వస్తుంది. వేసవిలో కాలవలు కట్టేసేముందు పల్లెలన్నీ మంచినీటి చెరువులు నింపుకుంటాయి. ఆ నింపిన నీరే మళ్లీ కాలవ వదిలేదాకా తాగాలి. ఆ రోజుల్లో నదిలో వరద ఉండదు, మట్టిసారపు గొడవ తక్కువ, పరీక్ష బాగా పనిచేసే కాలం కూడా అదే. తూము ఎత్తేముందు ఒకటీ, చెరువు సగం నిండాక ఒకటీ, నిండాక ఒకటీ నమూనా తీసి కొలిస్తే, ఏ ఊరి తూము దగ్గర ఏ నీరు లోపలికి వస్తున్నదో ఆ పూటే తెలుస్తుంది. ఒక్కొక్క నమూనాకు కావలసింది ఏభై మిల్లీలీటర్ల నీరు, వెలుగు సోకకుండా గోధుమరంగు సీసా, ప్రయోగశాలకు చేరేదాకా చుట్టూ పెట్టడానికి కాస్త మంచుగడ్డ.